మనము పిలుచు పిలుపు

(శతాబ్ది కూటములలో సంఘ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



మన డోర్నకల్ అధ్యక్ష మండలపు నూరేండ్ల చరిత్రను జ్ఞాపకము చేసికొనుచున్న ఈ సమయమున మాకు ఇయ్యబడిన అంశము "అనుదిన జీవితములో దీనత్వము, ప్రేమ" అనునది. ఈ అంశముపై మీరు ఎన్నో ప్రసంగములు వినియున్నారు. ప్రేమింపవలెనని, తగ్గించుకొనవలెనని తెలియనివారు ఈ కూటములో ఒక్కరును లేరు. తెలిసిన దానినే మరల చెప్పి మిమ్మును కూర్చుండబెట్టుట న్యాయము కాదు. కావున ఈ పెద్ద అంశములోనుండి ఒక్క చిన్న సంగతిని మాత్రమే తీసికొని దానిని గూర్చియే మాటలాడ నుద్దేశించితిమి. అది మనము ప్రతి దినము చేయు పని. దానికి డబ్బు అక్కరలేదు. పెద్ద చదువు అక్కరలేదు. పదవి అసలే అక్కరలేదు. అది ఏమనగా, ఎదుటి మనిషిని మనము పిలుచు పిలుపు.

సంఘములో "పిలుపు" అనగానే మనకు దేవుని పిలుపు జ్ఞాపకము వచ్చును. సేవకు పిలుపు వచ్చినదని సాక్ష్యము చెప్పుదుము. అయితే ఇంటిలో, వీధిలో, పొలము గట్టున, ఆఫీసులో మనము దినమునకు నూరుసార్లు ఇతరులను పిలుచుచున్నాము. దేవుడు మనలను పిలిచిన పిలుపునకును, మనము తోటివారిని పిలుచు పిలుపునకును సంబంధమున్నదా? ఉన్నదనియే ఈ దినము మా మనవి.

మన భాషలో ఒక విశేషమున్నది. ఇంగ్లీషులో రాజునైనను కూలివానినైనను "యు" అను ఒక్క మాటతోనే సంబోధింపవచ్చును. తెలుగులో అట్లు కాదు. నీవు, మీరు, తమరు అని మూడు మెట్లున్నవి. వాడు, అతడు, ఆయన, వారు అని నాలుగు మెట్లున్నవి. స్త్రీలకు అది, ఆమె, ఆవిడ, వారు అని వేరొక వరుస యున్నది. ఒరే, ఒసే, ఏమయ్యా, ఏమమ్మా, ఏమండీ అనునవి ఇంకొక వరుస. తెలుగువాడు నోరు తెరచి ఒక్క వాక్యము పలుకవలెనన్నను, ఎదుటివానిని ఏ మెట్టుపై నిలువబెట్టవలెనో ముందుగా మనస్సులో నిర్ణయించుకొనవలసినదే. ఆ తీర్పు రెప్పపాటులో జరిగిపోవును. తీర్పు తీర్చితిమని మనకే తెలియదు. అందుచేత ఒక తెలుగు క్రైస్తవుని దీనత్వమును తెలిసికొనగోరువారు అతని ప్రార్థనను వినుటకంటె, తనకంటె తక్కువ స్థితిలోనున్న మనిషిని అతడు పిలుచు పిలుపును వినుట మేలు.

ఈ సంగతి ఇతరులకంటె మన సంఘములకు బాగుగా తెలిసియుండవలెను. మన తాతలలో, ముత్తాతలలో అధికులు మాలపేటలనుండియు మాదిగపేటలనుండియు ప్రభువు నొద్దకు వచ్చినవారు. ఆ దినములలో నిజాము రాజ్యమందలి దొరల గడీల ముందర వారి పేర్లు ఏమాయెనో తలంచుకొనుడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎల్లయ్య. ఆ పేరులోనే "అయ్య" అను గౌరవమున్నది. దొర ఆ అయ్యను కోసివేసి "ఎల్లిగా" అని కేకవేసెడివాడు. మల్లయ్య "మల్లిగా" ఆయెను. ఎల్లమ్మ "ఎల్లి" ఆయెను. దొరగారి ఏడేండ్ల పిల్లవాడు అరువదేండ్ల జీతగానిని "ఒరే" అనెడివాడు. ఆ ముసలివాడు చెప్పులు చేత పట్టుకొని "నీ బాంచెను దొరా" అని బదులు చెప్పవలసి యుండెను. బాంచె అనగా బానిస. ఇతరులు వారిని పిలిచిన పేరు కురచదగుటయే గాక, తమ్మును తాము చెప్పుకొను మాట కూడ బానిస మాటయే ఆయెను. కృష్ణా ప్రాంతపు కామందుల ఇండ్లలో మాటలు వేరుగాని సంగతి ఒక్కటే.

అట్టివారి యొద్దకు సువార్త వచ్చినది. బాప్తిస్మపు దినమున గురువు ఒక్కొక్కరిని పేరుపెట్టి పిలిచెను. కొందరు క్రొత్త పేర్లు పుచ్చుకొనిరి: దేవదానము, సత్యానందము, కరుణమ్మ, శాంతమ్మ. కొందరు పాత పేరునే ఉంచుకొనిరి. ఏదైనను ఆ పేరు తెగకుండ, తరగకుండ బాప్తిస్మపు రిజిస్టరులో వ్రాయబడినది. తమ పేరు పూర్తిగా కాగితము మీదికి ఎక్కుట అనేకులకు అదే మొదటిసారి అయియుండును. ఆ పిమ్మట సంఘములో వారిని అన్నా అనిరి, అమ్మా అనిరి, పెద్దలైన పిదప గారు అనిరి. వారమంతయు "ఒరే" అని వినిన చెవులు ఆదివారమున "గారు" అని వినినవి. సువార్త యనగా ఏమో మన పెద్దలకు ప్రసంగమువలన కొంత తెలిసినది, ఈ పిలుపువలన కొంత తెలిసినది.

మన తొలి బిషప్, కీర్తిశేషులు వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి చరిత్రలో కూడ ఈ సంగతికి గొప్ప స్థానమున్నది. వారు 1874లో తిరునల్వేలి ప్రాంతమున జన్మించిరి. తమిళ దేశము విడిచి, తెలుగు నేర్చుకొని, 1909లో గురువుగా అభిషేకము పొంది డోర్నకల్‌లో సేవచేసిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్పయిన మొదటి భారతీయులు వారే. ఇవి మీకు తెలిసినవే. అయితే దానికి రెండేండ్ల ముందు, 1910 జూన్ నెలలో, స్కాట్లాండు దేశమందలి ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వారు చేసిన ప్రసంగమును మనము మరువరాదు. వేయిమందికి పైగా ప్రతినిధులు కూడిన ఆ సభలో ఆసియా ఖండమువారు బహు కొద్దిమంది. అజరయ్య గారికి అప్పటికి ముప్పదియైదేండ్లు. మిషనరీలు మన దేశము కొరకు చేసిన త్యాగమును వారు మనసార ఒప్పుకొనిరి. ఆ తరువాత, మిషనరీలకును దేశీయ సేవకులకును నడుమ యజమానునికిని పనివానికిని ఉండు సంబంధము కనబడుచున్నదే గాని స్నేహము చాలదని, త్యాగముతో పాటు స్నేహమును కూడ ఇయ్యవలెనని తేటగా చెప్పిరి. ఆ మాట సభలో కొందరికి రుచింపలేదు. అయినను నూరేండ్లు దాటిన తరువాత కూడ ఆ సభను గూర్చి వ్రాయువారు ఆ మాటను వ్రాయక మానరు.

ఇక్కడ మిమ్మును ఒక ప్రశ్న అడుగుదుము. ఆ దినమున అజరయ్య గారు దీనులుగా ప్రవర్తించిరా, గర్వముగా ప్రవర్తించిరా? తలవంచుకొని "తమ దయ" అని ఊరకుండినయెడల వారిని దీనులనెడివారు కొందరు. కాని అది దీనత్వము కాదు. దీనత్వము వేరు, దైన్యము వేరు. తరతరములుగా నీవు తక్కువవాడవని చెప్పించుకొనిన మన ప్రజలు ఈ రెంటికిని గల భేదమును గుర్తెరుగుట ఎంతో అవసరము. క్రొత్త నిబంధనలో "దీనమనస్సు" అను మాటకు మూలమైన గ్రీకు పదము ఆ కాలపు గ్రీకులలో మెప్పు మాట కాదు. బానిసకు తగిన నీచబుద్ధియని వారు దానిని చులకనగా ఎంచిరి. అపొస్తలులు ఆ పదమునే తీసికొని సంఘమునకు ఆభరణముగా తొడిగిరి. సిలువ నెక్కినవాడు ఆ మాటకు అర్థము మార్చివేసినాడు గనుకనే వారు అట్లు చేయగలిగిరి.

యోహాను సువార్త 13వ అధ్యాయమును శ్రద్ధగా చదువుడు. ప్రభువు తువాలు నడుమునకు కట్టుకొని శిష్యుల పాదములు కడిగిన సంగతి మనకందరికి తెలియును. అయితే దానికి ముందున్న మాటను తరచుగా దాటిపోవుదుము. తాను ఎక్కడనుండి వచ్చెనో, ఎక్కడికి పోవుచుండెనో, తండ్రి తన చేతికి ఏమి అప్పగించెనో ఆయన ఎరిగియుండెనని యోహాను మొదట చెప్పి, ఆ తరువాతనే ఆయన లేచి తువాలు పట్టెనని చెప్పుచున్నాడు. తానెవరో ఎరుగనివాడు వంగినయెడల అది భయము. తానెవరో ఎరిగినవాడు వంగినయెడల అది ప్రేమ. దొర ముందర మన తాత వంగినది భయముచేత. శిష్యుని ముందర ప్రభువు వంగినది ప్రేమచేత. మనలను దేవుడు తన పిల్లలుగా పిలిచినాడు గనుక మనకు ఎవరి ముందరను బానిసలుగా నిలువనక్కరలేదు. ఎవరి ముందరను దొరలుగా నిలువనక్కరలేదు.

ఇక ప్రభువు మనుష్యులను పిలిచిన విధమును చూతము. యెరికో పట్టణములో సుంకపు గుత్తదారుని అందరును పాపియని పిలిచిరి. ఆయన చెట్టు క్రింద నిలిచి, తలయెత్తి, జక్కయ్యను పేరుపెట్టి పిలిచెను. పండ్రెండేండ్ల రక్తస్రావముగల స్త్రీని ఆ దినముల ఆచారము అపవిత్రురాలని దూరముంచినది. జనసమూహము మధ్య ఆయన ఆమెను కుమారీ అని పిలిచెను. పదునెనిమిదేండ్లు నడుము వంగిపోయిన స్త్రీని సమాజమందిరపు అధికారి ఒక మనిషిగా లెక్కపెట్టలేదు. ప్రభువు ఆమెను అబ్రాహాము కుమార్తె యనెను. మొదట ఆమె నడుము చక్కబడినది, పిదప ఆమె పేరును చక్కబడినది. సమరయ స్త్రీ యొద్ద ఆయన మరియొక పని చేసెను. ఆమెకు ఇచ్చుటకు ముందు ఆమెను నీళ్లడిగెను. ఇచ్చుట మనలో చాలమందికి సులభము. తక్కువవారని ఎంచినవారి చేతి చెంబునుండి పుచ్చుకొనుట కష్టము. ఇచ్చు చేయి పైన నుండును, పుచ్చుకొను చేయి క్రింద నుండును గదా.

ఆయన శిష్యులును ఈ విధమునే నేర్చుకొనిరి. సంఘమును హింసించుటకు వచ్చి గ్రుడ్డివాడై పడియున్న సౌలు నొద్దకు అననీయ వెళ్లి, చేతులుంచి, మొట్టమొదట సహోదరుడని పిలిచెను. పౌలు సేవ ఎంత గొప్పదైనను దాని ఆరంభములో ఒక సామాన్య శిష్యుని నోటి పిలుపు ఉన్నది. అదే పౌలు ముసలితనములో చెరసాలనుండి ఫిలేమోనునకు చిన్న ఉత్తరము వ్రాసి, పారిపోయిన దాసుడైన ఒనేసిమును తిరిగి పంపుచు, ఇక మీదట అతనిని దాసునిగా గాక ప్రియ సహోదరునిగా చేర్చుకొనుమని బ్రతిమాలెను. పాత నిబంధనలో రూతు గ్రంథమున బోయజు పొలమునకు వచ్చినప్పుడు కూలివారు ముందుగా దండము పెట్టువరకు కనిపెట్టలేదు. యజమానుడే ముందుగా ప్రభువు పేరట వారిని దీవించి పలుకరించెను. వారును తిరిగి ఆయనను దీవించిరి. మన ప్రాంతములో కోతలకాలమున ఎన్ని పొలములలో ఇట్టి పలుకరింపు వినబడుచున్నదో మీరే చెప్పవలెను.

ఇంతవరకు చెప్పినది విని, "ఇకమీదట అందరిని మీరు, గారు అనవలెనని గదా పాస్టరుగారు చెప్పుచున్నారు" అని మీరు అనుకొనవచ్చును. సంగతి అంత తేలిక కాదు. ప్రార్థనలో మనము పరలోకపు తండ్రినే "నీవు" అందుము. అది అగౌరవము కాదు, చనువు. తల్లి తన బిడ్డను "ఒరేయ్" అని పిలిచినప్పుడు అందులో తేనెయున్నది. బాల్యస్నేహితులు ముసలివారైన తరువాత కూడ "ఏరా" అనుకొందురు. అది వారికి ధనము. మరియొక ప్రక్క "గారు, గారు" అని వెంటబడి, మరుగున కాలుపట్టి లాగువారును ఉన్నారు. కావున మాట ఒక్కటియే చాలదు. ఒక సులభమైన పరీక్ష యున్నది. నేను అతనిని పిలుచు మాటతోనే అతడును నన్ను తిరిగి పిలిచినయెడల నాకు కోపము వచ్చునా? వచ్చునయెడల ఆ మాటలో ఉన్నది చనువు కాదు, గర్వము.

ఇప్పుడు ఈ పరీక్షను మన దినచర్యలోనికి తీసికొని పోవుదము.

మొదటిది ఇల్లు. భార్య భర్తను మీరనుట, భర్త భార్యను నీవనుట మన ఇండ్లలో చాలవరకు అలవాటు. ప్రేమయున్న చోట దానిని దోషమని మేము అనము. అయితే నలుగురి ముందర "నీకేం తెలుసు, నువ్వూరుకో" అను మాట చెంపదెబ్బకు తక్కువ కాదు. జీతము తెచ్చినన్నాళ్లు "నాన్నగారు" అనిపించుకొనిన తండ్రి, మంచమెక్కిన తరువాత "ముసలాయన" అగుట ఎన్నో ఇండ్లలో చూచుచున్నాము. కోడలిని పేరుపెట్టి పిలువక "దానిని రమ్మను" అను అత్తలున్నారు. అత్తను ఏ వరుసతోను పిలువక గోడతో మాటలాడినట్లు మాటలాడు కోడండ్రును ఉన్నారు. కుటుంబ ప్రార్థన జరుగు ఇంటిలోనే ఇవియు జరుగుచున్నవి. దేవుడు మొదటిదానితో పాటు రెండవదానిని కూడ వినుచున్నాడు.

రెండవది పనిచోటు. దేవుని దయవలన, మిషను బడులవలన, మన పెద్దల కష్టమువలన నేడు మన పిల్లలు టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు, ఆఫీసర్లు అయిరి. హైదరాబాదులోను, గల్ఫు దేశములలోను, అమెరికాలోను పనిచేయుచున్నారు. దేవునికి స్తోత్రము. అయితే దీనితో పాటు ఒక శోధన వచ్చినది. మనకును ఇప్పుడు మన క్రింది మెట్టుమీద నిలుచువారు దొరికిరి. ఇంటిలో అంట్లు తోము స్త్రీ, గేటు దగ్గర కూర్చుండు వాచ్‌మన్, చెత్తబండి త్రోయు మనిషి, ఆటో నడుపు యువకుడు, ఒడిశానుండి, బీహారునుండి మన ఊళ్లకు వచ్చి ఇటుకలు మోయు కూలీలు. వారిని మనము ఏమని పిలుచుచున్నాము? మూడేండ్లుగా మన ఇంటి గిన్నెలు తోముచున్న ఆమె పేరు మన పిల్లలకు తెలియునా? "పనిమనిషి వచ్చినది" అందురేగాని ఫలానా అమ్మ వచ్చినదని అందురా? ఆమెకు టీ ఇచ్చు గ్లాసు మన గ్లాసులతో కలిసి యుండునా, కిటికీలో వేరుగా నుండునా? హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతివలన అవమానము పొందినవారి మనుమలము మనము. మన వంటింటి కిటికీలో రెండవ గ్లాసు ఉండదగునా?

మన దేశ రాజ్యాంగము 17వ అధికరణములో అంటరానితనమును రద్దుచేసినది. 1989లో వచ్చిన అత్యాచారముల నిరోధక చట్టము నలుగురిలో అవమానపరచుటను నేరముగా ఎంచినది. చట్టము చేయగలిగిన మేలు గొప్పది. దానికొరకు మనము కృతజ్ఞులము. కాని చట్టము వీధిలో నోటిని ఆపగలదు, వంటింటిలో గ్లాసును మార్చలేదు. అది ప్రేమ చేయవలసిన పని.

మూడవది సంఘము. ఇది చెప్పుటకు మాకు బాధగా నున్నను చెప్పక తప్పదు. ఆఫీసరుగారు ఆలస్యముగా వచ్చినను ముందు వరుసలో కుర్చీ దొరకును. తండానుండి నడచివచ్చిన లంబాడీ సహోదరికి తలుపు దగ్గర చాప. యాకోబు తన పత్రికలో బంగారు ఉంగరపు మనిషిని గూర్చి హెచ్చరించినది మన గుడిని చూచి వ్రాసినట్లే యున్నది. సాక్ష్యములో "నేను అయోగ్యుడను" అనువారే, శిలాఫలకముపై తమ పేరు లేకపోయినను, ఫ్లెక్సీలో తమ ఫొటో చిన్నదైనను, పాస్టరేట్ కమిటీ ఎన్నికవరకు ఆ కోపమును దాచియుంచుకొందురు. గంటకొట్టి, గుడి ఊడ్చి, దీపములు పెట్టు ముసలి సేవకుని పేరు ఏ ఫలకముమీదను ఉండదు. ఇందులో గురువులమైన మాకు ప్రత్యేకమైన అపాయమున్నది. ఉదయమునుండి రాత్రివరకు "అయ్యగారు, అయ్యగారు" అని వినుచుండు చెవులు మావి. దినమునకు ఒక్కసారియైన మోకాళ్లూని, దేవుడు మమ్మును పేరుపెట్టి పిలుచుటను వినకపోయినయెడల, ఆ "అయ్యగారు" అను మాట మమ్మును మ్రింగివేయును.

ఇంతకంటె లోతైన గాయము ఒకటి యున్నది. పై కులములవారు మనలను కించపరచిరని చెప్పుకొను మనము, మాలపేటకును మాదిగపేటకును నడుమ గీసిన గీతను నూరేండ్ల తరువాత కూడ పూర్తిగా చెరపలేదు. ఒకే పాత్రలోని ద్రాక్షారసమును పుచ్చుకొని బయటికి వచ్చి, గుమ్మము దిగకముందే "వాళ్లు", "మనవాళ్లు" అని రెండుగా చీలిపోవుదుము. పెండ్లి సంబంధమనగానే మొదట అడుగునది పేట పేరు. కమిటీ ఎన్నికలనగానే లెక్కించునది పేటల ఓట్లు. కొరింథులో ధనికులు ముందుగా తిని, ఆలస్యముగా వచ్చిన బీదలు ఆకలితో మిగిలిపోయినప్పుడు, అది ప్రభువు బల్లయే కాదని పౌలు గద్దించెను. "వాళ్లు" అను చిన్న మాట మన నోటినుండి పోనంతవరకు ఆ గద్దింపు మనకును చెందును. నూరేండ్ల పండుగకు గుడికి సున్నము వేయించుట సులభము. ఈ ఒక్క మాటను తుడిచివేయుట కష్టము. అయినను పండుగకు తగిన కానుక అదియే.

ఈ సంగతులు చెప్పినప్పుడు సాధారణముగా మూడు అభ్యంతరములు వినబడును. "గౌరవమిస్తే నెత్తినెక్కుతారు" అనునది మొదటిది. కొందరు ఎక్కవచ్చును. ప్రభువు పాదములు కడిగిన పండ్రెండుమందిలో యూదాయు ఉండెను. అతడేమి చేయనుండెనో ఎరిగియు ప్రభువు ఆ పాదములను విడిచిపెట్టలేదు. మన ప్రేమ ఎదుటివాని యోగ్యతమీద ఆధారపడినయెడల అది వ్యాపారమగును. "వాళ్లకు అదే అలవాటు, వాళ్లేమీ అనుకోరు" అనునది రెండవది. ఆ నడుము వంగిన స్త్రీకి పదునెనిమిదేండ్ల అలవాటు. అలవాటు పడినంత మాత్రమున నొప్పి లేదని కాదు. నొప్పి చెప్పుకొను చోటు లేదని మాత్రమే దాని అర్థము. "మాటలదేముంది, కూలి పెంచితే చాలదా" అనునది మూడవది. ఇందులో నిజమున్నది. "అన్నా" అని పిలిచి కూలి ఎగవేయువాడు, "ఒరే" అని పిలిచి కూలి సరిగా ఇచ్చువానికంటె అధిక దోషి. ఇయ్యని కూలి దేవుని చెవులలో మొరపెట్టునని యాకోబు చెప్పుచున్నాడు. కావున పిలుపును, కూలియు రెండును సరిగా నుండవలెను. ఒకటి చేసితిమని మరియొకటి మానరాదు.

సహోదరులారా, ఇది చిన్న సంగతియని తలంపకుడు. 1930ల దశాబ్దములో మన ప్రాంతములందు భూములుగల శూద్ర కులములవారు అనేకులు సంఘములో చేరిరి. వారిని ఆకర్షించినది ఏమి? పెద్ద పండితుల వాదములు కాదు. తమ పొలములలో పనిచేయు మాల, మాదిగ క్రైస్తవుల జీవితములో కలిగిన మార్పును చూచితిమని వారిలో అనేకులు చెప్పిరి. త్రాగుడు మానినవారిని, నోటి దురుసు మానినవారిని, శుభ్రముగా నుండి నిజము పలుకువారిని వారు చూచిరి. ఒకనాడు తాము "ఒరే" అని పిలిచినవారి యొద్దనే వారు సువార్త నేర్చుకొనిరి. బాప్తిస్మము పొందిన ప్రతివాడును సాక్షి కావలెనని అజరయ్య గారు పట్టుపట్టి బోధించినది ఇందుకొరకే. ప్రసంగపీఠమెక్కు సాక్షులు కొద్దిమంది. పొలము గట్టున, నీళ్ల కుళాయి దగ్గర, బస్సులో సాక్ష్యమిచ్చువారు మనమందరము.

కాబట్టి ఇంటికి వెళ్లిన తరువాత చేయుటకు మూడు చిన్న పనులు మీ యెదుట ఉంచుచున్నాము. మన యొద్ద పనిచేయువారిలో, మన వీధిలో ఊడ్చువారిలో పేరు తెలియనివారి పేరు అడిగి తెలిసికొందము. ఆ పేరును కోయకుండ, కురచచేయకుండ, వయస్సునకు తగిన వరుసతో పిలుతము. మన పిల్లలకును అట్లే నేర్పుదము. రెండవది, గుడిలో ఇంతవరకు మాటలాడని ఒక కుటుంబమును, ముఖ్యముగా అవతలి పేట కుటుంబమును, వచ్చే ఆదివారము మనమే ముందుగా పలుకరింతము. వారి ఇంటికి వెళ్లి, వారు ఇచ్చిన నీళ్లు త్రాగి వత్తము. మూడవది, మన ఇంటిలోనే ఎవరినైన చిన్నబుచ్చు పిలుపుతో పిలుచుచున్నయెడల, దానిని ఈ రాత్రితో విడిచిపెట్టుదము. మొదట నాలుక తడబడును. నలుగురు నవ్వవచ్చును. "ఈ కొత్త మర్యాద ఎక్కడిది" అని అడుగవచ్చును. అడిగినయెడల మంచిదే, అప్పుడు ప్రభువును గూర్చి చెప్పుటకు తలుపు తెరువబడును.

ఆ అంత్యదినమున మనలను కూడ ఒకరు పిలుతురు. అప్పుడు మన పదవితో గాని, మన పేటతో గాని, మన పేరు వెనుక తగిలించుకొనిన డిగ్రీలతో గాని పిలువరు. తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచు కాపరి ఆయన. మనము చులకనగా పిలిచిన ఎల్లయ్యను, మనము పేరైన అడుగని ఆ స్త్రీని ఆయన ఏ స్వరముతో పిలుచునో ఆ స్వరముతోనే మనలను పిలుచును. ఆ స్వరమును ఇప్పటినుండియే మన నోటికి అలవాటు చేసికొనుటకు ఆయన కృప మనకందరికి, మన మండలములోని ప్రతి సంఘమునకును తోడైయుండును గాక. ఆమేన్.